ఆకు దూసేసిన పువ్వులు

మొదటి దెబ్బ చప్పుడు వినిపించినప్పుడు కొత్త కోడలు గాజు గ్లాసులో పువ్వులకి నీళ్ళు మారుస్తోంది.

అది దెబ్బ అని ఆమెకి వెంటనే తట్టలేదు. పాకలో ఎవరో తడి గోనె దులుపుతున్నారనుకుంది. పెళ్ళై వచ్చిన దగ్గర్నుంచీ ఆ ఇంటి చప్పుళ్ళన్నీ ఆమెకి ముద్దుగానే ఉన్నాయి. పొద్దున్నే పాల క్యాన్లు ఒకదానికొకటి తగిలి గణగణమనడం, వ్యాను మొరాయిస్తే మొగుడు దాన్ని అలిగిన పెళ్ళాన్ని బుజ్జగించినట్టు బుజ్జగించడం, మేడ మెట్లలో ఒకటి కిర్రుమనడం. ఆ మెట్టు కిర్రుమంటే ఆయన వస్తున్నట్టు. ఆయన వస్తే చేతిలో పువ్వులున్నట్టు.

తెల్లటి పువ్వులు. కాడ చివర బుల్లి బుల్లి బొడిపెలు గుత్తిగా, నూగు నూగుగా ఉండేవి. వాగు ఒడ్డున చెట్ల నీడలో, ఎప్పుడూ తడారని నేలలో పెరిగేవి. అక్కడికి పశువులు పోకుండా ముళ్ళకంచె ఉండేది.

"నా చిన్నప్పట్నుంచీ అదే చోట," అన్నాడు ఆయన మొదటిసారి తెచ్చినప్పుడు. "చచ్చిందనుకుంటాం. మళ్ళీ ఏడు అదే దుబ్బులోంచి లేస్తుంది. మొండి ఘటం, నీలాగే."

ఒక రెమ్మ తెమ్మంటే మోపు తెచ్చే రకం ఆయన. తెచ్చిన మోపంతా ఆకు దూసి, కాడలు సమంగా కోసి, ఒక్క మట్టి మరక లేకుండా ఆమె ఒళ్ళో పోసేవాడు. "ఏం పువ్వు ఇది పంతులమ్మా? డిగ్రీ దాకా మొక్కల్నే చదివావటగా, చెప్పు చూద్దాం."

ఆమె పెట్టె అడుగు నుంచి కాలేజీనాటి భూతద్దం తీసింది. మంచం మీద బోర్లా పడుకుని, ఆయన భుజానికి భుజం ఆనించి ఒక బొడిపెని గోటితో చీల్చి చూపించింది. "ఇది ఒక్క పువ్వు కాదండీ. ఇందులో ఇంకా బోలెడు పువ్వులున్నాయి. చూశారా, ఉమ్మడి కుటుంబం!" తర్వాత ధీమాగా తేల్చేసింది. ఇది జ్వరం మొక్క. పూర్వం కషాయం కాచేవారు. మంచిదే.

"ఖాయమేనా?"

"ఖాయం."

"మందు మొక్కన్నమాట! నా పెళ్ళాం డాక్టరమ్మ!" అని ఆయన ఆమె ముక్కు పట్టుకుని ఊపాడు. ఆ తర్వాత రోజూ పువ్వులే.

రెండో దెబ్బతో పాటు కేక కూడా వినిపించింది. గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టి ఆమె మెట్లు దిగి పరుగెత్తింది.

ఆ పొద్దున్నే ఇల్లంతా తలకిందులైంది. బావగారి కూతురు, ఆరేళ్ళ చిట్టి, మూడు నాలుగు రోజులుగా నీరసమంటూ పడుకునే ఉంది. ఇవాళ లేస్తూనే కాళ్ళు వణికి కూలబడింది. ఆపకుండా వాంతులు చేసుకుంది. వ్యాను దాకా చిట్టిని ఎత్తుకెళ్ళింది కొత్త కోడలే. పిల్ల నోట్లోంచి అదోరకం వాసన, గోళ్ళరంగు తుడిచే మందు వాసనలా. మొగుడు తల్లినీ పిల్లనీ ఆసుపత్రిలో దింపి వ్యానుతో తిరిగొచ్చాడు. తోడికోడలు పిల్లని చేర్చి ఫోన్ చేసింది. కడుపులో ఏదో విషం పడిందట. ఏ విషమో తెలిస్తేనే వైద్యం చెయ్యగలనని డాక్టరు అంటున్నాడట.

పాక గుమ్మంలో అత్తగారు కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. లోపల, ఆవుని పాలు పితికేటప్పుడు కట్టే గుంజకి మనిషిని కట్టేశారు.

ఆ మనిషి ఈలన్న. పాలు పితికేవాడు. పితికేటప్పుడు సన్నగా ఈల వేస్తాడు కాబట్టి అందరూ ఆ పేరుతోనే పిలుస్తారు. ఇంటి ఆవు ఆ ఈల వింటే తప్ప పాలు చేపదు. చొక్కా వీపు మీద నిలువునా చిరిగి ఉంది. పాక కడిగే రబ్బరు గొట్టం బావగారి చేతిలో ఉంది.

"ఏం కలిపావురా పాలల్లో? పేరు చెప్పు! డాక్టరుకి పేరు కావాలి!"

"ఏం కలపలేదు పెద్దయ్యా. చిట్టితల్లికి నేనెందుకు..."

గొట్టం గాల్లో బుస్సుమంది. ఈలన్న వీపు విల్లులా వంగింది.

"మందలో పాలన్నీ క్యాన్లలో కలిసి ఊరంతటికీ పోతున్నాయి. ఒక్కడికీ తలనొప్పి కూడా రాలేదు. ఇంటి ఆవు పాలు తాగేది నా కూతురొక్కతే, అదే పడిపోయింది. ఆ పాలు నీ చేతిలోంచి దాని గ్లాసులోకి వస్తాయి. ఆవు చూస్తే గుండ్రాయిలా ఉంది. ఇంకెవడు కలుపుతాడు?"

"నాకు తెలీదు..."

"మొన్న లేటుగా వచ్చావని ఒక్కటి పీకితే ఏమన్నావ్? 'మీ ఇంటి పాలు మీకే చేదెక్కుతాయి' అనలేదూ?"

"కోపంలో అన్నాను పెద్దయ్యా..."

"అన్నానని ఒప్పుకుంటున్నాడుగా!" అని అరిచింది అత్తగారు గుమ్మంలోంచి. "ఇంకా ఏం చూస్తున్నావురా? వదలకు!"

బత్తాయి ఒలిచి, గింజ తీసి, తొనలు కోడలి నోట్లో పెట్టే అత్తగారు ఆవిడ. ఆ గొంతు ఆవిడదేనా అని కోడలు ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది.

అప్పుడు కనిపించాడు ఆయన. గుంజ వెనక, పలుపు కొసని మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకుని, ఈలన్న కదలకుండా వెనక్కి లాగి పట్టుకున్నాడు. దెబ్బ పడ్డప్పుడల్లా కళ్ళు మూసుకుంటున్నాడు. చేతులు మాత్రం వదలడం లేదు. నిన్న సాయంత్రం ఆమె జుట్టు చిక్కు తీసిన చేతులు.

"ఏవండీ! ఆపమనండి. ఈలన్న చచ్చిపోతాడు."

"పైకి వెళ్ళు."

"ఇలా కొడితే ఎవరైనా ఏదో ఒకటి..."

"పైకెళ్ళమన్నానా!"

ఆయన ఆమె మీద అరవడం అదే మొదలు. అరిచాక ఆయనే బిత్తరపోయినట్టు చూశాడు. ఆమె పైకి వెళ్ళలేదు, ముందుకీ కదల్లేదు.

ఈసారి గొట్టం మొహానికి తగిలింది. ఈలన్న కింది పెదవి చీలి, ఎర్రగా తెరుచుకుంది. మరొకటి. మరొకటి. అతని మోకాళ్ళు జారిపోయాయి. తాడు లేకపోతే నేల మీద ఉండేవాడు.

"పురుగుల మందు!" అని అరిచాడు చివరికి, నోట్లోంచి రక్తం చిమ్ముతుంటే. "పురుగుల మందే కలిపాను! ఆపండి!"

"ఏ మందు?"

"మీరు ఏదంటే అది... మీరే చెప్పండి, అదే అంటాను..."

ఆ మాటని బావగారు చెవిన వేసుకోలేదు. అప్పటికే ఫోన్ తీశాడు. అవతల డాక్టరు గొంతు పాకంతా వినిపించింది.

"పురుగుల మందా? నాకు అలా అనిపించడం లేదు. ఆ లక్షణాలు వేరుగా ఉంటాయి. పైగా ఆ విరుగుడు చాలా గట్టిది. వేరే విషమైతే, ఇప్పుడున్న స్థితిలో పాప గుండె దాన్ని తట్టుకోలేదు. ఖాయంగా తెలుసా మీకు?"

"ఖాయం డాక్టరుగారూ. కలిపినవాడే ఒప్పుకున్నాడు."

"సరే. మందు సిద్ధం చేయిస్తున్నాను. లైన్లోనే ఉండండి."

బావగారు ఫోన్‌ని గోడ గట్టు మీద పెట్టాడు. గొట్టం పారేశాడు. హమ్మయ్య, అయిపోయిందనుకుంది ఆమె. బావగారు మూలకి వెళ్ళి గుంజలు పాతే గునపం తీసుకున్నాడు.

"డాక్టరు పని అయింది. ఇక నా పని."

"అన్నయ్యా, వద్దు. పోలీసులకిద్దాం," అన్నాడు మొగుడు.

"తాడు వదిలావో, ముందు నీ చెయ్యి విరుగుతుంది."

గునపం ఈలన్న మోచేతి మీద దిగింది. ఎముక విరిగిన చప్పుడు పెద్దగా ఏం రాలేదు, చెరుకు గడ విరిచినంతే. ఈలన్న అరిచిన అరుపుకి మందలో పశువులన్నీ ఒక్కసారి లేచి నిలబడ్డాయి. ఆమె అటు చూడలేక మొహం పక్కకి తిప్పేసుకుంది.

పక్కన దూడ ఉంది.

ఇంటి ఆవు దూడ. పశువులన్నీ బెదిరి లేచినా అది లేవలేదు. లేవబోయింది గానీ వెనక కాళ్ళు గడగడ వణికి మళ్ళీ చతికిలబడింది. పొద్దుటి నుంచీ దాన్ని చూసిన నాథుడు లేడు. ఆమె మోకాళ్ళ మీద దాని దగ్గరికి పాకింది. మూతి చేతుల్లోకి తీసుకుంది. ముక్కులోంచి వచ్చిన వేడి గాలిలో గోళ్ళరంగు తుడిచే మందు వాసన.

దూడ గ్లాసులో పాలు తాగదు. గిన్నెలో తాగదు. పొదుగుకి మూతి పెట్టి తాగుతుంది. పాలు ఎవరి చేతిలోకీ రాకముందే తాగుతుంది.

విషం గ్లాసులో పడలేదు. ఆవులోంచే వస్తోంది.

మరి ఆవుకేం కాలేదే? గుండ్రాయిలా నెమరేస్తోందే? ఆ ప్రశ్న వెంటే, ఎప్పుడో పరీక్ష కోసం బట్టీ పట్టి మరిచిపోయిన నాలుగు వాక్యాలు మనసులో మెదిలాయి. పుస్తకంలో పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో. తడి అడవుల్లో, వాగుల ఒడ్డున పెరిగే ఒక తెల్లపువ్వుల మొక్క. ఆకు తిన్న పశువు పాడి మీదుంటే దానికేం కాకపోవచ్చు. విషం పాలలోకి దిగిపోతుంది. పాలు తాగినవాళ్ళకి వణుకు పుడుతుంది.

తెల్లపువ్వులు.

ఆమె ఇంటి ఆవు మేత తొట్టిలో చేతులు పెట్టింది. ఎండుగడ్డి లాగి పారేసింది. అడుగున, నాకి నునుపు చేసిన మూలలో, వాడిన పచ్చటి ముద్ద ఒకటి అంటుకుని ఉంది. అందులో చేతివేలంత కాడ ముక్క, దానికి ఎదురెదురుగా రెండు ఆకులు. ఒక ఆకుని అరచేతిలో పరిచి బొటనవేలితో సాపు చేసింది.

జ్వరం మొక్కకి ఆకులు సన్నగా, పొడుగ్గా ఉంటాయి. వాటికి తొడిమ ఉండదు. ఎదురెదురు ఆకులు రెండూ మొదట్లో అతుక్కుపోయి, కాడ ఆకుని పొడుచుకుని పైకి వచ్చినట్టుంటుంది. ఆమె చేతిలో ఉన్న ఆకు వెడల్పుగా ఉంది. దానికి పొడుగాటి తొడిమ ఉంది. మొదట్లోంచి మూడు ఈనెలు చీలాయి. అంచంతా రంపపు పళ్ళు.

పువ్వులు ఒక్కలాగే ఉంటాయి. తేడా అంతా ఆకులోనే. ఆకు లేని కొమ్మ తీసుకెళ్ళి పేరు చెప్పబోతే కాలేజీలో మేడం దాన్ని కిటికీలోంచి బయట పారేసేది. మంచం మీద బోర్లా పడుకుని మొగుడికి పాఠం చెప్పేటప్పుడు ఆ సంగతి ఆమెకి గుర్తురాలేదు. ఆకు ఏదని అడగాలని కూడా తోచలేదు. అంత అందంగా దూసి తెచ్చేవాడు మరి.

"ఏవండీ!" అని కేకేసింది. "పువ్వుల ఆకు ఎక్కడ దూస్తారు మీరు?"

"ఇప్పుడా అడగడం?"

"ఎక్కడ?"

"ఇక్కడే, తొట్టి మీద. పచ్చనిది పారెయ్యడమెందుకని... మందు మొక్కన్నావుగా, పాలిచ్చే ఆవుకి మంచిదే కదాని..." ఆమె చేతిలో ఆకునీ, దూడనీ చూశాడు. మణికట్టు మీద పలుపు చుట్లు వాటంతటవే వదులయ్యాయి. ఈలన్న గుంజ మొదట్లో కుప్పకూలాడు.

ఆమె ఫోన్ వైపు దూకింది. బావగారు అడ్డం వచ్చాడు.

"ఎక్కడికి?"

"విరుగుడు ఇవ్వకూడదు బావగారూ! పురుగుల మందు కాదది. ఈ ఆకు..."

"వాడు నోటితో ఒప్పుకున్నాక నీ ఆకులూ అలములూ ఏంటి? గడ్డి పేర్లు నాలుగు బట్టీ పట్టి డాక్టరు కంటే గొప్పదానివైపోయావా? తప్పుకో!"

భుజం మీద చెయ్యేసి ఒక్క తోపు తోశాడు. ఆమె వెళ్ళి క్యాన్ల మీద పడింది. నుదురు చిట్లి రక్తం కంట్లోకి కారింది. గట్టు మీద ఫోన్ మాట్లాడుతోంది: "హలో, ఇంజెక్షన్ రెడీ అయింది, ఇచ్చేస్తున్నాం."

ఆమె చేతికి దొరికింది క్యాను మూత. ఇనుప మూత, పళ్ళెమంత. బావగారి ముందు గట్టిగా దగ్గడానికి కూడా మొహమాటపడే కోడలు అది రెండు చేతులా ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి ఆయన మణికట్టు మీద కొట్టింది. గునపం జారిపోయింది. రెండో దెబ్బ మోచేతి మీద. ఆయన "అమ్మా" అని కూర్చుండిపోయాడు.

"డాక్టరుగారూ, ఆపండి! ఇవ్వకండి!" ఫోన్ చెవికి కాకుండా నోటికి అదుముకుని అరిచింది. "పాలల్లో ఎవరూ ఏం కలపలేదు. ఆవు విషపు మొక్క తింది. దూడకీ అదే వణుకు, నోట్లో అదే వాసన. చిట్టి నోరు వాసన చూడండి!"

"ఆగు సిస్టర్," అన్నాడు అవతల డాక్టరు. తర్వాత, "చూశాను. పొద్దుటి నుంచీ నన్ను పీడిస్తున్నది ఆ వాసనే. మొక్క సంగతి ఎంతవరకు ఖాయం?"

ఖాయం. ఆ మాట ఆమె ఒకసారి అనేసింది.

"పోయినసారి ఆకు చూడకుండా చెప్పాను," అంది. "ఈసారి ఆకు చేతిలో ఉంది. తొడిమ ఉంది, మూడు ఈనెలున్నాయి, అంచుకి పళ్ళున్నాయి. ఖాయం."

"సిస్టర్, అది పక్కన పెట్టు. సెలైన్ మార్చు. అమ్మా, ఆ ఆకు పట్టుకుని వెంటనే రా."

ఆమె తిరిగి చూసేసరికి బావగారు లేచి నిలబడ్డాడు. ఆమె వంక చూడటం లేదు. తమ్ముడి వంక చూస్తున్నాడు.

"నువ్వు వేశావా మేత?"

"తెలీక అన్నయ్యా..."

మాట పూర్తి కాలేదు. బాగున్న చేత్తో కొట్టిన దెబ్బకి మొగుడు తొట్టి అంచు మీద పడ్డాడు. బావగారు కాలితో డొక్కలో తన్నాడు. జుట్టు పట్టి లేపి, మొహాన్ని గుంజకేసి బాదాడు. అదే గుంజకి. మొగుడు చెయ్యి అడ్డం పెట్టలేదు. అత్తగారు "ఒరేయ్, నీ తమ్ముడురా!" అంటూ పెద్దకొడుకు కాళ్ళు చుట్టేసుకుంది. ఈలన్నని కొడుతున్నంతసేపూ ఆ కాళ్ళు ఆవిడకి కనిపించలేదు.

కోడలు ఎవరి దగ్గరికి పరుగెత్తాలి? మనసు మొగుడి వైపు లాగింది. చేతులు మాత్రం ఈలన్న కట్లు విప్పుతున్నాయి. ముడి బిగిసిపోయింది, గోళ్ళు విరిగాయి, చివరికి పళ్ళతో లాగింది. అతని మోచెయ్యి వంగకూడని వైపు వంగి ఉంది.

"చిన్నమ్మా," అన్నాడు అతను, చీలిన పెదవుల మధ్య నుంచి. "పాపకి..."

"మాట్లాడకు."

మొగుడే వ్యాను నడిపాడు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది, రెండో కంటితో నడిపాడు. వెనక క్యాన్ల మధ్య ఈలన్న తల ఆమె ఒళ్ళో ఉంది. పువ్వులు పోసే ఒళ్ళో. దారి పొడుగునా ఆమె గుప్పిట్లో ఆకు చెమటకి తడిసింది.

ఆసుపత్రిలో డాక్టరు ఆకు చూశాడు, పుస్తకం తెప్పించుకుని చూశాడు, తల ఊపాడు. చిట్టి బతుకుతుందన్నాడు. రెండు మూడు రోజులు గండమే గానీ బతుకుతుంది. గాజు తలుపు అవతల తోడికోడలు గోడకి ఆనుకుని అలాగే కిందికి జారిపోయి కూర్చుంది.

దెబ్బలు తగిలినవాళ్ళని చూసే గదిలో, లావుపాటి నర్సమ్మ ఈలన్న వీపు తుడుస్తూ అడిగింది. "ఏం జరిగింది ఇతనికి?"

బావగారు అప్పటికే ఇంకో బండిలో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. మణికట్టు వాచింది. "ఆవు తన్నింది," అన్నాడు.

నర్సమ్మ వీపు మీద వాతలు చూసింది, పెదవి చూసింది, చెయ్యి చూసింది. "ఆవుకి చేతులున్నాయా?" అంది.

ఎవరూ నవ్వలేదు. ఈలన్న పైకప్పు చూస్తున్నాడు. అతనికి ఆ ఇంట్లోనే పని, ఆ ఇంటి వెనకే గది. బావగారు కోడలి వంక చూశాడు. నిన్నటి దాకా ఆ ఇంట్లో ఎంత పువ్వుల్లో పెట్టి చూసుకున్నారో, ఇక మీదట ఎలా చూస్తారో రెండూ ఆ చూపులో ఉన్నాయి. ఆమె మొగుడు నేల చూస్తున్నాడు.

"మా వాళ్ళు కొట్టారు," అంది ఆమె. "మా బావగారు గొట్టంతో, గునపంతో కొట్టారు. మా ఆయన..."

ఆ రెండు మాటలు పెళ్ళయిన దగ్గర్నుంచీ ఎన్నిసార్లు ఊరికే, అనడంలోని సరదా కోసమే అనుకుందో. మా ఆయన.

"మా ఆయన తాడు పట్టుకున్నారు."

మొగుడు తలెత్తాడు. బాగున్న కంటితో ఆమెని చాలాసేపు చూశాడు. తర్వాత నర్సమ్మ వైపు తిరిగాడు. "గట్టిగా లాగి పట్టుకున్నాను," అన్నాడు. "అతను కదలడానికి కూడా వీల్లేకుండా. అది కూడా రాసుకోండి. పోలీసులు వచ్చేదాకా ఇక్కడే కూర్చుంటాను."

బల్ల మీద కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. మణికట్టు మీద పలుపు ఒరిపిడి గీతలు ఇంకా ఎర్రగా ఉన్నాయి. ఆమె పక్కన కూర్చోలేదు. అలాగని దూరంగా కూడా వెళ్ళలేకపోయింది. పోలీసులు వచ్చేదాకా ఎదురుగా గోడకి ఆనుకుని నిలబడింది.

ఇంటికి ఒక్కర్తే వచ్చేసరికి సాయంత్రం ఎండ పాకలో ఏటవాలుగా పడుతోంది. అత్తగారు దూడ నోట్లో నీళ్ళు పోస్తోంది, కోడల్ని చూసి మొహం తిప్పుకుంది. ఇంటి ఆవు అదే పనిగా అరుస్తోంది. పొదుగు రాయిలా బిగిసి ఉంది. ఆ పాలన్నీ పితికి గోతిలో పారబోయాలి, ఈ పూటే కాదు, ఒంట్లో విషమంతా దిగేదాకా.

ఆమె బకెట్ తెచ్చుకుని కూర్చుంది. ఎప్పుడూ పితకలేదు, చూసింది అంతే. లాగినా చుక్క రాలేదు. ఆవు చెవులు తిప్పి దేనికోసమో వింటోంది.

ఆమె పెదవులు గుండ్రంగా చుట్టింది. గాలి వచ్చింది, ఈల రాలేదు. మళ్ళీ ఊదింది. పిల్లి చీదినట్టు ఏదో చప్పుడైంది. ఆవు తల తిప్పి, ఇదెవరన్నట్టు ఆమెని ఎగాదిగా చూసింది, కాలెత్తి ఒక్కటి తన్నింది. బకెట్ ఆ మూలకి, ఆమె ఈ మూలకి.

ఈసారి నిజంగా ఆవే తన్నింది.

పేడలో కూర్చుని ఆమె పడీ పడీ నవ్వింది, అత్తగారు బెదిరి చూసేదాకా నవ్వింది. ఆ నవ్వు ఎక్కడ ఏడుపైందో ఆమెకే తెలియలేదు. తర్వాత లేచి, బకెట్ తెచ్చుకుని, పెదవులు తడుపుకుని మళ్ళీ ఊదడం మొదలుపెట్టింది.